ఎవరి తాలూకు జ్వరం

పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఫీనిక్స్ బే జెట్టీలో బెంచీ చివర కూర్చుంది గౌతమి. డబ్బా ఇంకా వెచ్చగా ఉంది, ఆ వేడి చున్నీలోంచి తెలుస్తోంది, తెలుస్తోందంతే, హాయిగా ఉందా చురుక్కుమంటోందా అని ఎవరైనా అడిగితే చెప్పలేదు. నాన్న పోయినప్పటి నుంచి అన్నీ ఇలాగే. వేడి వేడని తెలుస్తుంది, ఉప్పు ఉప్పని తెలుస్తుంది, ఎదురింటావిడ వచ్చి భుజం పట్టుకుని ఏడిస్తే ఆవిడ ఏడుస్తోందని తెలుస్తుంది, ఆవిడ తలకి రాసుకునే నూనె ఏ కంపెనీదో కూడా తెలుస్తుంది, ఆ తరవాత రావలసింది మాత్రం రాదు. డబ్బా మళ్ళీ తెచ్చెయ్యి అని అమ్మ గుమ్మం దగ్గర ఓసారి చెప్పింది, మెట్ల మీద ఓసారి చెప్పింది, ఆటో కదిలాక పై నుంచి కేకేసి డిగ్నాబాద్ పేట మొత్తానికి చెప్పింది. స్టీలు డబ్బా అది, బిగుతు మూతది, మూత మీద చుక్కలు చుక్కలుగా సరోజిని అని అమ్మ పేరు కొట్టించి ఉంటుంది, అమ్మకి ఆస్తిపాస్తుల మీద కన్నా ఆ చుక్కల మీద ఎక్కువ నమ్మకం. కింద గదిలో అద్దెకున్నవాళ్ళని ఖాళీ చెయ్యమన్నది అమ్మే. వాళ్ళకి దారిబత్తెం కలిపిందీ అమ్మే. ఇంగువ వేసింది, జీడిపప్పు వేసింది, వెళ్ళగొట్టారు అని రేపు నలుగురూ అనకూడదు కదా అంది, వెళ్ళగొడుతూనే.

ఆ వెళ్ళిపోతున్నవాళ్ళు ఎదురుగానే ఉన్నారు. నూకన్న సామాను పక్కన గొంతుక్కూర్చుని, జెట్టీలో కాల్చకూడదు కాబట్టి వెలిగించని బీడీని పెదాల మధ్య అటూ ఇటూ జరుపుకుంటున్నాడు. అతని పెళ్ళాం సీతాలు వల మూట మీద కూర్చుని సముద్రం వైపు తిరిగిపోయింది, అంటే గౌతమి వైపు వీపు పెట్టింది. దుప్పట్లో చుట్టిన మిక్సీ, తాడేసి కట్టిన గ్యాసు పొయ్యి, రంగు డబ్బాలో తులసి మొక్క. ఆ మొక్కని చూస్తే, దీన్ని ఎత్తుకుపోతున్నారంటే ఇక రారన్నమాట అని తెలిసింది. అదీ తెలిసిందంతే. అవతలి దీవి హట్‌బేలో సీతాలు అక్క అమ్ములు ఉంది, అక్కడా వేట ఉంది, అక్కడ బతకలేకపోము అన్నాడు నిన్న నూకన్న, ఎవరో అడిగినట్టు. బోటు కదలడానికి ఇంకా గంట ఉంది. మైకులో ఎవరో హిందీలో హట్‌బే వాళ్ళని లైన్లో ఉండమంటున్నారు, లైను లేదు, అందరూ నీడ ఎక్కడుంటే అక్కడున్నారు, మైకు కూడా ఆ సంగతి తెలిసినట్టే నీరసంగా చెబుతోంది.

జరిగింది పెద్ద కథేం కాదు. నూకన్న మేనల్లుడి పెళ్ళికి వైజాగ్ వెళ్ళాడు, ఓడలో తిరిగొచ్చాడు, వచ్చిన ఓ వారానికి జ్వరం పడ్డాడు. అతను ఆస్పత్రిలో ఉండగానే పైన గౌతమి నాన్న గణేశ్వరరావు గారు పడ్డారు. డెంగీ అన్నారు ఇద్దరికీ. నూకన్న లేచొచ్చాడు, గౌతమి వాళ్ళ నాన్న రాలేదు. ఒకడు వైజాగ్ నుంచి వచ్చాడు, ముందు వాడికొచ్చింది, తరవాత ఈయనకొచ్చింది. వీధికి ఆ మాత్రం లెక్క వచ్చు. ఓడలో తెచ్చిన జ్వరం అని వీధి సెక్రటరీ తిరుమలరావు గారు గ్రూపులో పెట్టారు, దాని కింద నమస్కారాలు, దాని కింద ఎవరిదో పుట్టినరోజు, దాని కింద ఆ పుట్టినరోజుకి తిరుమలరావు గారి నమస్కారాలు. ఆ జ్వరం రోజుల్లో వీధిలో ప్లేట్‌లెట్ల కబుర్లు పిల్లల మార్కుల కబుర్లలాగే నడిచాయి, తలకిందులుగా. మావాడికి బాగా పడిపోయాయండీ అని ఒకావిడ అంటే, మావారికైతే డాక్టరే భయపడ్డాడండీ అని ఇంకో ఆవిడ, ఎవరికి ఎంత తక్కువైతే వాళ్ళు అంత పైన. బొప్పాయి ఆకులకి వీధిలో గొడవలయ్యాయి. నాన్న ఆస్పత్రి మంచం మీద కూడా, మన వీధిలో నాదే తక్కువా, అని అడిగాడు. కాదు నాన్నా, మీకంటే తక్కువ వాళ్ళున్నారు అంది గౌతమి. కొంచెం నొచ్చుకున్నాడు.

కళ్ళజోడు సర్దుకుని ఫోను తీసి చూసింది. ఏం రాలేదు. ల్యాబులో పక్క టేబులు మణికుమార్ పంపాలి, రాత్రంతా కంప్యూటరు లెక్క కట్టింది, ఇవాళ చెట్టు గీసిస్తుంది, గియ్యగానే పంపుతా దీదీ, నువ్వు రాకు, ఇంట్లో ఉండు అన్నాడు. ఇంట్లో ఉండి ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. చెట్టంటే వైరస్‌ల వంశవృక్షం. నీ ఉద్యోగం ఏమిటే అని పెళ్ళిళ్ళలో అడిగినవాళ్ళకి గౌతమి ఆవకాయతో పోల్చి చెప్పేది. అమ్మమ్మ చెప్పిన కొలతలు పెద్దత్త రాసుకుంటూ మెంతిపిండి చెంచాడు ఎక్కువ రాసుకుంది, ఆవిడ దగ్గర చూసి ఎక్కించుకున్న వాళ్ళందరి ఆవకాయా చేదే, అందులో చిన్నత్త ఆ చేదు చాలనట్టు ఉప్పు కూడా ఎక్కువ రాసుకుంది, ఇప్పుడు ఏ పెళ్ళిలో అయినా ఒక్క ముక్క నోట్లో వేసుకుని ఇది చిన్నత్త తాలూకు అని చెప్పెయ్యొచ్చు. వైరస్సూ అంతే, తన కొలతలు తను ఎక్కించుకుంటూ పోతుంది, ఎక్కించినప్పుడు ఎక్కడో ఓ అక్షరం తప్పుతుంది, ఆ తప్పు దాని పిల్లలకి పోతుంది, పిల్లలు ఇంకో తప్పు చేస్తాయి. ఎవరెవరి తప్పులు కలిశాయో చూసి, కలిసిన వాళ్ళని ఒక కొమ్మకి కట్టడం, ఇదే నా పని. ఇంతా విని పెళ్ళివాళ్ళు, చిన్నత్త ఆవకాయ మరీ అంత చేదేం కాదు అనేవారు.

నాన్న ఒక్కడే వైరస్ గురించి అడిగాడు. ఎన్ని అక్షరాలుంటాయి దానికి అన్నాడు. పదివేల పైచిలుకు నాన్నా, కానీ నాలుగే అక్షరాలు, అవే తిప్పి తిప్పి వస్తాయి అంది. మనకి యాభై ఆరు, దానికి నాలుగా, అయితే చదువురానిదన్నమాట, అని నాన్న నిశ్చింతగా పేపరు తిప్పాడు. ఆ యాభై ఆరులో గౌతమికి సగం తడబాటే, హిందీ బళ్ళో చదివింది, తెలుగు శుభలేఖ ఇస్తే ముహూర్తం దగ్గరికొచ్చేసరికి భోజనాల టైమవుతుంది, ఆ నాలుగక్షరాలైతే గబగబా చదివేస్తుంది. డెంగీలో నాలుగు రకాలు, రకానికి మళ్ళీ శాఖలు, శాఖకి మళ్ళీ ఊళ్ళు, ఇదంతా చెబుతుంటే నాన్న కళ్ళు మెరిశాయి. ఓహో, ఇదా, ఇది మన పనే కదే అన్నాడు. నిజమే. ఆయన హాడోలో పోర్టు స్టోర్సులో రిటైరయ్యాడు గాని అసలు ఉద్యోగం ఇదే, మనుషుల్ని కొమ్మలకి కట్టడం. గుమ్మంలోకి ఎవరొచ్చినా, గ్యాసు బండవాడైనా గుండె డాక్టరైనా, మీరు ఎవరి తాలూకు అని మొదలెట్టేవాడు. ఏ ఊరు, ఏ ఓడలో వచ్చారు, ఏ సంవత్సరం. మా తాత నలభై రెండుకి ముందే, యుద్ధం రాకముందే, ఈ దీవులకి వచ్చాడండీ అని చెప్పుకోడానికి ఒక గొంతు ఉండేది, ఆ గొంతు ఇంకెందుకూ వాడేవాడు కాదు. నలభై రెండుకి ముందొచ్చినవాళ్ళం మనం, తరవాతొచ్చినవాళ్ళు వాళ్ళు. నూకన్న వచ్చి ఎన్నేళ్ళైందో నూకన్నకే సరిగా గుర్తు లేదు, ఇద్దరు కూతుళ్ళు ఇక్కడే పుట్టి పెళ్ళిళ్ళై వెళ్ళారు, నాన్న లెక్కలో మాత్రం మొన్ననే వచ్చినవాడు. సాయంకాలాలు నూకన్న పైకొచ్చి మెట్టు మీద కూర్చునేవాడు, నాన్న కేను కుర్చీలో. సురమై చేప ఎక్కడ పడుతోంది, గాలి ఎటు తిరిగింది, గంటలు గంటలు మాట్లాడుకునేవారు. పక్కన ఇంకో కుర్చీ ఉండేది, ఖాళీగా. నూకన్నా అందులో కూర్చో అని నాన్నా అనలేదు, కూర్చుంటానని నూకన్నా అనలేదు, ఆ కుర్చీ మీద అమ్మ ఉతికిన బట్టలు మడతపెట్టేది.

ఫోను మోగింది. బ్యాంకువాళ్ళు, లోను కావాలా అని. వద్దు అంది. మా దగ్గర ఇప్పుడు ప్రత్యేకంగా ఆడవాళ్ళకి, అంది అవతలమ్మాయి. వద్దమ్మా అంది. సీతాలు వెనక్కి తిరిగి చూసింది.

"మీ అమ్మగారా దీదీ? డబ్బా గురించేనా?"

"కాదు. బ్యాంకు."

"అదేననుకున్నాను. ఆ డబ్బా ఇటివ్వు, పులిహోర ఏ సంచిలోనైనా పోసీసుకుంటాను, కడిగిచ్చీస్తాను. నాకెందుకు ఆ తల్లి డబ్బా. జ్వరం పట్టుకొచ్చీసినవాళ్ళం, రేపు డబ్బా పట్టుకుపోయామని కూడా గ్రూపులో ఎట్టీగలరు."

"సీతాలూ, ఊరుకోయే," అన్నాడు నూకన్న.

"ఊరుకున్నాను కాబట్టే జెట్టీలో కూకున్నాను."

గౌతమి డబ్బా ఇవ్వలేదు. ఉండు, కాసేపాగి ఇస్తాను అంది. ఎందుకు ఆగాలో చెప్పలేదు. ఫోను వస్తుంది, ఫోనులో ఒక బొమ్మ వస్తుంది, ఆ బొమ్మలో ఎక్కడో నువ్వూ నీ మొగుడూ ఉన్నారు, మా నాన్నా ఉన్నాడు, వైజాగ్‌లో అదే నెలలో పడినవాళ్ళ జ్వరాలు ఒక కొమ్మ, కిందటేడు మన డిగ్నాబాద్‌లో పడినవాళ్ళ జ్వరాలు ఇంకో కొమ్మ, నూకన్న జ్వరం వైజాగ్ కొమ్మకి తగిలితే మా అమ్మ చేసింది సరే, ఇక్కడి కొమ్మకి తగిలితే... తగిలితే ఏమిటి. ఇక్కడి కొమ్మకి తగిలితే డ్రమ్ము. అదే కదా అసలు సంగతి. చెట్టు ఒకవైపు చూపిస్తే నూకన్న, ఇంకోవైపు చూపిస్తే నాన్న. ఇద్దరిలో ఎవరిని కావాలని కోరుకుంటున్నావే అని తనని తను అడిగింది, నోట్లో నాలుక ఉన్నట్టు మాత్రం తెలిసింది.

డ్రమ్ము స్టోరురూములో ఉంటుంది, నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, నాన్న దాన్ని రిజర్వు అనేవాడు. డిగ్నాబాద్‌లో నీళ్ళు మూడ్రోజులకోసారి వదులుతారు, ఆ రోజు వీధి వీధంతా పండగే, ఆఫీసుకి సెలవు పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, బకెట్లు, బిందెలు, టబ్బులు, కుక్కరు గిన్నెలు, చివరికి పిల్లల నీళ్ళ సీసాలు. అందరికీ డ్రమ్ములున్నాయి, అవి వాడుకునే డ్రమ్ములు. రిజర్వు వేరు. సునామీ అప్పుడు పైపులు పగిలి ట్యాంకరు దగ్గర నాన్న బిందె పట్టుకుని నిలబడ్డాడు, నలభై రెండుకి ముందొచ్చినవాడు అందరితో పాటు లైన్లో నిలబడ్డాడు, ఆ అవమానం మళ్ళీ జరక్కూడదని ఆ తరవాత ఈ డ్రమ్ము కొన్నాడు. షోకేసులో టీసెట్టు ఎలాగో స్టోరురూములో డ్రమ్ము అలాగ. దాన్ని వాడకూడదు. ఆవిరైపోయి మట్టం తగ్గితే నూకన్న బకెట్లు మోసుకొచ్చి పైన పోసేవాడు, నాన్న పక్కన నిలబడి ఇంకా పొయ్యి, ఇంకా పొయ్యి అనేవాడు, అడుగు నీళ్ళు అడుగునే ఉండేవి, ఎన్నేళ్ళ నీళ్ళో. పైన అమ్మ పాత వాయిలు చీర ముక్క కట్టి ఉండేది, ఓ పక్క తాడు వదులైపోయి జారి ఉండేది. గౌతమి ల్యాబు తరఫున బళ్ళకి వెళ్ళి పిల్లలకి బొమ్మలేసి చెప్పేది, వారానికోసారి నీళ్ళన్నీ పారబొయ్యాలి, తోమాలి, ఆరబెట్టాలి, దోమ మంచి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, అని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఇంటికొచ్చి నాన్నా ఆ డ్రమ్ము అంటే, గుడ్డ కట్టాను కదా అనేవాడు. నాన్నా తాడు, అంటే, రేపు ఎమర్జెన్సీ వస్తే నీ సైన్సు నీళ్ళిస్తుందా అనేవాడు. అమ్మ వంటింట్లోంచి, నాన్నగారితో వాదనేమిటే అనేది. సరేలే అని గౌతమి స్నానానికి వెళ్ళేది, వాడుకునే డ్రమ్ములోంచి.

ఎమర్జెన్సీ వచ్చింది. నాన్నని ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు నీళ్ళ రోజు కాదు. వచ్చిన చుట్టాలందరూ కాళ్ళు కడుక్కున్నారు, కడుక్కున్నవాళ్ళు కాఫీ తాగి మళ్ళీ కడుక్కున్నారు, ట్యాంకు అడుగంటింది. ఆఖరి స్నానానికి నీళ్ళేవీ అన్నారు పంతులుగారు. ఎవరికీ ఏం తోచలేదు. అప్పుడు అమ్మ లేచి, కొంగు బిగించి, రిజర్వు ఉంది కదా అంది. ఆ మాటలో ఒక రకం గర్వం వినిపించింది గౌతమికి, మావారు ముందుచూపు గలవారు అన్నట్టు. చీరముక్క విప్పింది అమ్మే. మగ్గు గౌతమి చేతికొచ్చింది. మొదటి మగ్గులోనే ఉన్నాయి, సన్నగా, తలకిందులుగా వేలాడుతూ, మగ్గు కదిలితే మెలికలు తిరుగుతూ. వాటి పేరు తెలుసు, ఇంటిపేరు తెలుసు, దోమ పిల్లలంటే ఇవే అని బళ్ళో పెద్ద బొమ్మ వేసి చూపించింది. పొయ్యమ్మా టైమవుతోంది అన్నారు పంతులుగారు. పోసింది. నాన్న భుజం మీంచి జారి, నాపరాయి మీద పడి, తూము వైపు పాకుతున్నాయి. రెండో మగ్గు పోసింది. మూడోది పోసింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి, అదీ తెలిసింది. ఆ తరవాతి నీళ్ళ రోజు అమ్మ అన్నిటికన్నా ముందు డ్రమ్మే నింపించింది, మీ నాన్నగారి గుర్తు అని దానికి కుంకం బొట్టు కూడా పెట్టింది. కుంకానికి దోమలు రావు కాబోలు.

ఇవన్నీ మణికుమార్‌కి చెప్పలేదు. ల్యాబు పెద్దాయన, మీ ఫాదర్ శాంపిల్ మీరు ముట్టుకోకండి, సెలవు తీసుకోండి అన్నారు. ఇంట్లో పరామర్శ బిస్కట్లు ఒక అలమారా నిండా ఉన్నాయండీ, వాటి మధ్య కూర్చోలేను అంది. ఆయన నవ్వాలో వద్దో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నారు. ఐసు పెట్టెలో నాన్న మూడో వరసలో ఉన్నాడు, ఓ పక్క ఎవరో రొయ్యల వ్యాపారి, ఇంకో పక్క ఎవరి ఇంట్లోనో అంట్లు తోమే అమ్మాయి, తాలూకులు అడక్కుండా అందరితో కలిసి ఉన్నాడు. మూత తీసి చుక్క లాగింది. రక్తంలోంచి వడకట్టిన, రంగు లేని చుక్క. చెయ్యి వణకలేదు. వణికితే బాగుండును అనిపించింది, అదీ పద్ధతిగా ఉండేది, ఎవరైనా చూస్తే కూతురంటే ఇలా ఉండాలి అనుకునేవారు. పక్కనే నూకన్న, రంగు లేని ఇంకో చుక్క. ఆస్పత్రిలో రక్తం తీస్తుంటే, ఎన్ని గొట్టాలు తీస్తార్రా, వేటకి ఎల్లాలి అని గొణిగాడట. ఒక చుక్కని ఇంకో చుక్క పక్కన పెట్టింది, ఒకే ఎత్తులో. అన్నేళ్ళలో మొదటిసారి.

మైకు మళ్ళీ లేచింది. గేటు తీశారు. జనం నీడల్లోంచి ఒక్కసారిగా లేచి, అంతసేపూ లేని లైనుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి తయారుచేశారు. అరే భయ్యా, ధక్కా మత్ దో, అని తోసేవాణ్ణి ఎవరో కసిరారు. సామాను మోసే ఆయన వచ్చి గ్యాసు పొయ్యి ఎత్తుకున్నాడు. నూకన్న బీడీ చెవి వెనక పెట్టుకుని వల మూట కోసం వంగాడు. అప్పుడు ఒళ్ళో ఫోను గుర్రుమంది.

"దీదీ, పంపాను చూడు," మణికుమార్ గొంతు, వాయిస్ మెసేజి. "రెండుసార్లు నడిపాను, రెండుసార్లూ అదే వచ్చింది. తిన్నావా?"

బొమ్మ తెరుచుకోవడానికి టైము పట్టింది, మధ్యలో గుండ్రంగా తిరుగుతోంది, తిరుగుతోంది, జెట్టీలో ఉన్న టూరిస్టులందరూ తమ మొహాలు సముద్రం ముందు పెట్టి ఊళ్ళకి పంపుతున్నారు, ఆ మొహాలన్నీ వెళ్ళాక గాని నాన్న రాడు. వచ్చాడు. పైన వైజాగ్ కొమ్మ, గుబురుగా, పక్క రాష్ట్రాల వాళ్ళతో కలిసి, ఎక్కడో దూరంగా. ఆ కొమ్మలో తెలిసిన శాంపిల్ నంబరు ఒక్కటీ లేదు. కిందికి జరిపింది. కిందటేటి డిగ్నాబాద్ వాళ్ళు, ఒకళ్ళ మీద ఒకళ్ళు, ఆ గుత్తిలోంచి సన్నటి రెమ్మ, ఆ రెమ్మకి రెండే చివర్లు. ఒకటి నాన్న. ఒకటి నూకన్న. ఒకే తప్పులు, కిందటేడు ఈ వీధిలో పడినవాళ్ళ తప్పులే, పైన కొత్తగా ఒకటి, అదీ ఇద్దరికీ ఉంది. ఎవరి నుంచి ఎవరికి పోయిందో చెట్టు చెప్పదు, చెప్పనక్కర్లేదు. వైజాగ్ నుంచి నూకన్న పెళ్ళి లడ్డూలు తెచ్చాడు, జ్వరం తేలేదు. జ్వరం ఇంట్లో కాచుకుని కూర్చుంది. వీధి అని చెట్టు చెప్పింది, డ్రమ్మని చెప్పలేదు. ఆ సంగతి మగ్గు ముందే చెప్పింది.

"నూకన్న భయ్యా," అంది. "ఆగు. ఇది చూడు."

నూకన్న మూట దించి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోను తీసుకోకుండానే వంగి చూశాడు. "ఏటిది పాపా? వల చిరిగినట్టుంది."

"జ్వరాల చెట్టు. ఇదిగో, ఇది వైజాగ్. ఇది మన వీధి. నీ జ్వరం వైజాగ్‌ది కాదు. ఇక్కడిదే. మా ఇంట్లోనే దోమ కుట్టింది నిన్ను."

"ఇందులో నేనెక్కడున్నాను?"

"ఇదిగో."

"మరి ఈ పక్కనున్నది?"

"నాన్న."

నూకన్న రెండు చివర్లనీ మార్చి మార్చి చూశాడు. వెనక జనం తోసుకుంటున్నారు. "బాబుగారి పక్కనే కూకున్నాను," అన్నాడు చివరికి, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు చిన్న గొంతుతో.

సీతాలు బొమ్మ చూడలేదు. గౌతమి మొహం చూస్తోంది. "అయితే ఇప్పుడు ఏటంటావు దీదీ?"

"డ్రమ్ము బోర్లించాలి. మా ఇద్దరి వల్లా కాదు, బరువు. నూకన్న భయ్యా ఉంటే..."

"అదుగో, మళ్ళీ పనే సెప్తంది," అంది సీతాలు. "డ్రమ్ము బోర్లించడానికి మనిషి కావాలట. మీ ఇంట్లో ఎవరికీ ఇంకో మాట రాదా? నీకెన్ని అక్షరాలొచ్చు? ఒక్క మాట ఆటితో కలిపి అనలేవా?"

గౌతమి నోరు తెరిచింది. మంచి కుటుంబంలో పుట్టింది, థాంక్యూ వచ్చు, సారీ వచ్చు, కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం వచ్చు. "తప్పు మాది," అంది. "మీరు తేలేదు. మా నాన్న... నాన్న దాచుకున్న నీళ్ళే. నేను చూశాను, చూసి కూడా... మీరు వెళ్ళక్కర్లేదు."

సీతాలు తులసి డబ్బా చంకలోకి ఎత్తుకుంది, కొంగు సర్దుకుంది. గ్యాసు పొయ్యి అప్పటికే బోటు మీదికి వెళ్ళిపోయింది, మోసే ఆయన పై నుంచి, జల్దీ కరో అని కేకేస్తున్నాడు. "అక్క అన్నం వండి కూకునుంటాది," అంది సీతాలు. "ఎల్తాం. నెల్లాళ్ళు ఉంటాం. ఆ తరవాత వస్తే గది ఉంటాదా? మీ అమ్మగారు ఇంకోళ్ళకి ఇచ్చీదా?"

గౌతమి ఒళ్ళోంచి డబ్బా తీసి సీతాలు చేతిలో పెట్టింది.

"పొయ్యకు, కడగకు. డబ్బాతోనే తీసుకెళ్ళు. ఈ డబ్బా మీ దగ్గరున్నంత కాలం మా అమ్మ ఆ గదిలోకి ఇంకెవర్నీ రానివ్వదు."

సీతాలు మూత మీది చుక్కలు బొటనవేలితో తడిమింది. నవ్వొచ్చేటట్టుంటే పళ్ళతో పెదవి నొక్కిపెట్టి, లైన్లోకి వెళ్ళిపోయింది. నూకన్న వెళుతూ వెళుతూ, "నేనొచ్చేదాకా ఎత్తకండి పాపా, నడుము పట్టేస్తాది, మగ్గుతో తోడి పారబొయ్యండి," అన్నాడు.

బోటు ఇంకా కదల్లేదు. గౌతమి బెంచీ మీద కూర్చుని బొమ్మని వీధి గ్రూపులో పెట్టింది, దాని కింద మైకు బొత్తం నొక్కి మాట్లాడింది, తెలుగులో రాస్తే తనకి ఇవాళంతా పడుతుంది. జ్వరం ఓడలో రాలేదండీ, కిందటేడు మన వీధిలో ఉన్నదే ఇది, మా నాన్నగారిదీ నూకన్నదీ ఒకటే జ్వరం, మా స్టోరురూములో డ్రమ్ముంది, మీ ఇళ్ళల్లోనూ ఉంటుంది, ఇవాళే పారబొయ్యండి, అని. తరవాత తిరుమలరావు గారి నమస్కారం వచ్చింది. ఆ తరవాత ఎవరో, ప్లీజ్ ఎవరైనా ఇది ఇంగ్లీషులో పెట్టండి అన్నారు. కళ్ళజోడు మీద ఏదో తడి. కెరటం తుంపర కాబోలని తుడుచుకుంది. మళ్ళీ పడింది. సముద్రం చూస్తే బల్లపరుపుగా ఉంది, ఒక్క చుక్క ఎగరట్లేదు. అయినా ఇంకోసారి తుడుచుకుంది.

ఫోను మోగింది. ఈసారి అమ్మే. వెనకాల కుళాయి చప్పుడు, ఇవాళ నీళ్ళ రోజు.

"బోటు ఎక్కారా?"

"ఎక్కారు."

"డబ్బా?"

"వాళ్ళ దగ్గరే ఉంది. వచ్చే నెల వాళ్ళే తెస్తారు."

అమ్మ ఎందుకని అడగలేదు. గ్రూపు చూసిందన్నమాట. వాయిస్ విన్నదన్నమాట. కుళాయి మాత్రం పడుతూనే ఉంది, ప్లాస్టిక్ లోపల లోతుగా పడుతున్న నీళ్ళ మోత, రిజర్వు డ్రమ్మేనని గౌతమికి చప్పుడుని బట్టే తెలిసింది. అమ్మా, అందామనుకుంది. బోటు హారను కొట్టింది, ఫోనులోంచి కూడా అమ్మకి వినిపించి ఉంటుంది.

"ఆ మూత బిగుసుకుపోతుంది," అంది అమ్మ. "గోళ్ళతో రాదు. చెంచా కాడతో లేపాలి. చెప్పావా?"

"చెప్పాను," అంది గౌతమి, చెప్పకపోయినా.

అవతల ఏదో కిర్రుమంది. నీళ్ళ మోత సన్నబడి, బొట్లు బొట్లుగా పడి, ఆగిపోయింది.

"కుళాయి కట్టేశానులే," అంది అమ్మ. "నువ్వు రా."